మగ్గాలు ఆగిన ఆదివారం

హిందూపురం
9 మే 1938, సోమవారం

ఓడిపోయేట్టే ఉన్నాను. రాసి పెట్టుకుంటున్నాను, తర్వాత ఎవరూ నాకు చెప్పనక్కర లేకుండా.

నిన్న పెనుకొండలో మా శ్రామికుల పార్టీ కమిటీ. ఖాదర్ సాబు ఇక కార్యదర్శిగా ఉండలేనన్నాడు – కళ్ళు కనిపించడం లేదు, మూడు తాలూకాలు తిరగలేడు. ఆ కుర్చీకి ఇద్దరం నిలబడ్డాం. నేను, వకీలు వెంకటరమణయ్య. ఎన్నిక ఈ నెల 29న, ఆదివారం, పెనుకొండలోనే – తేదీ వకీలు పెట్టిందే.

"ఆదివారమే ఎందుకప్పా?" అని అడిగాను.

"అందరికీ సెలవు కదా," అన్నాడు వకీలు.

అందరికీ! గుమాస్తాకు సెలవు, బడిపంతులుకు సెలవు. మగ్గానికి ఆదివారమెక్కడిది? మన సభ్యుల్లో సగం మంది ధర్మవరం సాలెవాళ్ళు. సభకు వచ్చి చేయి ఎత్తినవాడికే ఓటు. మగ్గం దిగి రైలెక్కితే ఆ పూట కూలి పోయినట్టే. వాళ్ళు రారు. రారని తెలిసే పెట్టాడు.

ఇదంతా కుర్చీ కోసం కాదు. (కొంత కుర్చీ కోసమే. అబద్ధమెందుకు.) పట్టు షావుకార్లు నేత కూలి తగ్గించారు. సాలెవాళ్ళు మగ్గాలు నిలిపేస్తామంటున్నారు. నేను గెలిస్తే పార్టీ వాళ్ళ వెనక నిలబడుతుంది. వకీలు గెలిస్తే షావుకార్లతో కాఫీ తాగి, "రాజీ" అనే ముద్దు పేరు పెట్టి, తగ్గించిన కూలికే వాళ్ళను ఒప్పిస్తాడు. పైగా అతన్ని నిలబెట్టిందే హిందూపురం మండీ వర్తకులు. శ్రామికుల పార్టీకి బెల్లం మండీ కాపలా!

11 మే

పార్టీ ఎన్నిక నోటీసు అచ్చుకు నా ప్రెస్సుకే వచ్చింది. ఊళ్ళో తెలుగు అచ్చు ఇంకెక్కడుంది?

వకీలు స్వయంగా తెచ్చాడు. "తిథీ గిథీ వద్దు. ఇంగ్లీషు తేదీ చాలు. నీ తీర్మానమే కదప్పా రామచంద్రయ్యా!"

నా తీర్మానమే. పోయిన ఏడాది గొంతు చించుకుని నెగ్గించాను – పార్టీ నోటీసుల్లో తిథి, నక్షత్రం, వర్జ్యం ఉండకూడదని. అచ్చయిన నోటీసు తేదీ ఎవరి కోసమూ మార్చకూడదని కూడా అందులోనే రాయించాను. నా తీర్మానాన్ని నాకే అప్పజెప్పి నవ్వుతూ పోయాడు.

అక్షరాలు పేర్చాను. ఒక్క తప్పు లేదు.

12 మే

వాడి పేరు నా అచ్చులో నా పేరు కంటే అందంగా పడింది. ఛీ.

15 మే, ధర్మవరం

ఓబులేసు ఇంటికి పోయాను. సాలెవాళ్ళలో అతని మాటే మాట. గుంత మగ్గంలో కూర్చుని నేస్తూనే మాట్లాడాడు, నా వైపు తల కూడా తిప్పలేదు.

"ఆదివారం సభ," అన్నాను.

"ఆదివారమా? ఓటు మీకు, పస్తు మాకా?"

నాకు మండింది. వర్గ చైతన్యం గురించి మొదలుపెట్టాను. అతను మధ్యలో ఏదో అడగబోయాడు, నేను ఆగలేదు. నేను ఊపిరి పీల్చుకునేలోపు అతను అందుకున్నాడు, అతనూ ఆగలేదు. అవ్వ – ఓబులేసు తల్లి – కండెలు చుడుతూ, "మీరిద్దురూ ఒగే పార్టీనా?" అంది.

బండి టైమయిందని లేచి వచ్చేశాను. ఏ ఆదివారమో కూడా అతనికి చెప్పలేదని రైల్లో గుర్తొచ్చింది. చెప్పి మాత్రం ఏం లాభం.

17 మే, హిందూపురం

ఇది వివరంగా రాయాలి.

మధ్యాహ్నం అన్నం దగ్గర మా ఆవిడ నరసమ్మ: "యాడికి పోతాండావు ఇరవైతొమ్మిదో తేదీ?"

"పెనుకొండకు. ఎన్నిక."

"అమావాస్య పొద్దు ప్రయాణమేందయ్యా? అందులోనూ ఆదివారం అమావాస్య."

కంచం పక్కకు తోశాను. మొదలుపెట్టాను – చంద్రుడంటే ఏమిటి, నీడ అంటే ఏమిటి, పురోహితుడు బతకడానికి పుట్టించిన భయాలు, నువ్వు నా ఇంట్లో ఇన్నేళ్ళుండి... అక్కడ ఆగిపోయాను. నోరు తెరుచుకునే ఉంది.

"ఏమన్నావ్?"

"అమావాస్య అంటి."

"నిజమా? సరిగ్గా చూసినావా?"

"పంచాంగం ఇంట్లో పెట్టనిస్తే గదా చూసేది!" వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "మొన్న శనివారం పున్నమి. ఈ ఆదివారం పోయి, మళ్ళా ఆదివారం అమావాస్య. దీనికి పంచాంగమెందుకు?"

అమావాస్య నాడు ధర్మవరంలో ఒక్క మగ్గం ఆడదు. తాతల నాటి నుంచీ అంతే. ఆ రోజు సాలెవాడు పోగు ముట్టడు. ఇక హిందూపురం మండీలో అమావాస్య అంటే అంగడి పూజ – గుమ్మడికాయ దిష్టి, కర్పూరం, ప్రసాదాలు. ఆ పూజ వదిలి ఏ వర్తకుడూ ఊరు దాటడు. ప్రయాణమన్న మాటే ఎత్తడు.

వకీలు ఇంగ్లీషు కాలెండరు చూసి నా వాళ్ళకు పని ఉన్న రోజు అనుకుని, వాళ్ళు ఊరికే ఉండే ఒకే ఒక్క రోజు పెట్టాడు. తన వాళ్ళను తానే అంగళ్ళకు కట్టేశాడు. తిథి అచ్చు వేసుంటే మొదటి రోజే బయటపడేది. తిథి వద్దన్నది ఎవరు? నేను!

నరసమ్మ చేతిలో గరిటె తీసుకుని నేనే అన్నం వడ్డించుకున్నాను. జ్వరమొచ్చిందా అన్నట్టు చూసింది.

18 మే

కార్డు రాస్తే పోస్టాఫీసులో పదిమంది చదువుతారు. మళ్ళీ ధర్మవరం. ఓబులేసు చెవిలో చెప్పాను.

చేతిలో పోగు నేసే నాడె జారిపోయేంతగా నవ్వాడు. "అమావాస్య పొద్దు మాకు యాడ పనప్పా? తిని పడుకునేదే. మొన్ననే చెప్పకపోతివి?"

"నువ్వు చెప్పనిచ్చినావా?"

"నువ్వు అడగనిచ్చినావా? యే ఆదివారమని అడగాలని నోరు తెరిస్తిని, వర్గమో స్వర్గమో అని ఎత్తుకొంటివి!"

ఒప్పందం: సాలె వీధి దాటి మాట పోకూడదు. అతని వీధిని నేను నమ్ముతాను. నా నోటినే నమ్మను.

20 మే

పరీక్ష. బెల్లం మండీ ముందు వకీలు ఎదురయ్యాడు, వెనక నలుగురు వర్తకులు.

"ఏమప్పా, రెండు తూర్లు ధర్మవరం పోయొస్తివంట. మగ్గం గుంతలో దిగి ఓట్లు నేసుకొస్తివా?"

అందరూ నవ్వారు. జవాబు నాలుక చివరకు వచ్చింది, ఎంత మంచి జవాబు! మింగేశాను.

"ఎండ జాస్తిగా ఉండాదప్పా," అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. నేను జవాబివ్వకపోవడం ఈ ఊరు ఇంతకు ముందు చూడలేదు. "పాపం, మనిషి దిగిపోయినాడే," అని ఒక వర్తకుడు జాలిపడ్డాడు. జాలి! ఇంటికొచ్చి కుండలో నీళ్ళు సగం తాగాను.

22 మే

ఇది మోసమా? నాలో నేనే వాదించుకున్నాను, ఇంకెవరితోనూ వాదించడానికి లేదు గనక.

మోసమైతే ఎవరి మోసం? తేదీ వాడు పెట్టాడు. ఎందుకు పెట్టాడో వాడికి తెలుసు, నాకు తెలుసు. నోటీసు అందరికీ ఒకటే. సూర్యచంద్రులు నా ప్రెస్సులో అచ్చు కాలేదు. మండీ గోడలన్నిటికీ పంచాంగాలు వేలాడుతున్నాయి. తల ఎత్తి చూసుకోవద్దన్నానా?

వాదనలో గెలిచాను. నిద్ర బాగా పట్టింది.

26 మే

బయటపడింది. ఏ షావుకారో పూజకు గుమ్మడికాయ పురమాయిస్తూ లెక్క చూసుకున్నాడట.

వకీలు ప్రెస్సులోకి పరిగెత్తుకొచ్చాడు. తలపాగా లేదు. "తేదీ మార్చాల. వేరే నోటీసు వెయ్యి."

"అచ్చయిన నోటీసు మార్చేదానికి లేదప్పా. తీర్మానం."

"నీకు ముందే తెలుసు!"

"మా ఇంట్లో పంచాంగమే లేదే!"

మింగిన జవాబులన్నీ ఆ ఒక్క మాటతో తీరిపోయాయి.

మధ్యాహ్నం బండికే పెనుకొండకు ఖాదర్ సాబు దగ్గరికి పోయాడట. ముసలాయన మాట ఊళ్ళోకి అప్పుడే వచ్చేసింది: "అమావాస్య అని సభ నిలిపితే, రేపు రాహుకాలమని కమిటీ నిలపాల. మంది మన పార్టీని జూసి దేనితో నగుతారు నాయనా?"

29 మే, ఆదివారం. పెనుకొండ స్టేషను

బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. హిందూపురం బండి ఆలస్యం. ఎంతైనా ఆలస్యం కానీ.

పొద్దుటి బండిలో ధర్మవరం దిగింది. ధర్మవరమంతా! మగవాళ్ళు, ఆడవాళ్ళు, భుజాన సద్ది మూటలు. ఓబులేసు ముందు, వెనక వీధి. స్టేషను మాస్టరు యాడ జాతర అని అడిగాడు. "చింతతోపులో!" అని అవ్వ అరిచింది.

తోపులో సభ. వకీలు పక్కన గుమాస్తాలు, ఇద్దరు పంతుళ్ళు, పూజ ఎగ్గొట్టి వచ్చిన ఒకే ఒక వర్తకుడు. ఆయనకు కూడా కాళ్ళు నిలవడం లేదు, హిందూపురం బండి ఎప్పుడని అడుగుతున్నాడు.

వకీలు లేచాడు. "ఆడవాళ్ళు ఓటు వేసేదేంది? వీళ్ళు నేసేవాళ్ళు కాదు."

నేను లేవబోయాను. ఓబులేసు నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. అవ్వ లేచింది.

"ఏం సామీ, ఈ చేతులు కండెలు చుట్టేదానికి పనికొస్తాయి, మీ పార్టీకి చందా ఇచ్చేదానికి పనికొస్తాయి, ఎత్తేదానికి పనికిరావా?"

ఖాదర్ సాబు: "సభ్యత్వముంటే చెయ్యి చెయ్యే. కూర్చోప్పా వకీలూ."

వకీలుకు చేతులెత్తమన్నాడు. ఎత్తారు – చెట్ల నీడలో వెతకాల్సి వచ్చింది. తర్వాత నాకు. రంగులు అంటిన చేతులు, ఎరుపు, పసుపు, నీలి. ఖాదర్ సాబు చేయి అడ్డం పెట్టుకుని చూసి, "నా కండ్లకే కనపడతాండాయి, ఇంక లెక్కెందుకు?" అన్నాడు. తోపు దద్దరిల్లింది.

మాట్లాడమన్నారు. మూడు రాత్రులు మేలుకొని తయారుచేసుకున్న ఉపన్యాసం ఒక్క ముక్క గుర్తు రాలేదు. "మగ్గాల పక్కన నిలబడతాం," అన్నాను. కూర్చున్నాను. బతుకులో ఇంత చిన్న ఉపన్యాసం నేను ఇవ్వలేదు, దీనికి పడినన్ని చప్పట్లు దేనికీ పడలేదు.

తర్వాత రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి. అవ్వ చేత్తో పెట్టింది. వకీలును కూడా పిలిచింది. వచ్చి తిన్నాడు. "నిన్ను గెలిపించింది లేని చందమామ," అన్నాడు నాతో.

"నిన్ను ఓడించింది కూడా అదే," అన్నాను. ఇద్దరం నవ్వాం. వాడి నవ్వు నాకు నచ్చలేదు. అయినా ఇవాళ నాకు అన్నీ నచ్చుతున్నాయి. కొండ నచ్చుతోంది. ఎండ కూడా నచ్చుతోంది.

గెలిచాం!

30 మే, హిందూపురం

నరసమ్మ: "అమావాస్యకు పోయి మేలే అయ్యిండాదే. ఇంక అన్నీ అమావాస్యకే పెట్టుకోండి."

దీనికి శాస్త్రీయంగా జవాబు చెప్పాలి. ఇవాళ కాదు.

1 జూన్

మగ్గాలు నిలిపేశారు. పార్టీ పేరుతో మొదటి కరపత్రం నా సంతకంతో. ధర్మవరం గోడల నిండా. వకీలు కూడా ఒక కాపీ అడిగి తీసుకున్నాడు.

3 జూన్

పట్టు షావుకార్లు కబురు పంపారు. అప్పుడే! పట్టుమని మూడు రోజులు తాళలేకపోయారు. ఆదివారం హిందూపురంలోనే మాట్లాడుకుందాం రమ్మన్నారు. వచ్చిన పెద్దమనిషి చాలా మర్యాదస్తుడు. "కార్యదర్శి గారు ఒక్కరే వస్తే చాలు. అందరూ వస్తే కేకలేగానీ మాటలు సాగవు," అన్నాడు.

సరేనన్నాను. అక్కడికక్కడే. కార్యదర్శి గారు – వినడానికి బాగుంది.

4 జూన్

ఓబులేసుకు తెలిసింది. మనిషితో చెప్పి పంపాడు: "వకీలైనా ఒక్కడే పోయి కాఫీ తాగొచ్చేవాడు గదప్పా. దానికి మేమెందుకు రైలెక్కితిమి?"

పొద్దుటి నుంచి నాలుగు జవాబులు రాశాను. ఒకటి చాలా బాగుంది – సంప్రదింపుల క్రమశిక్షణ, ప్రతినిధి బాధ్యత. చదివితే ఎక్కడో విన్నట్టుంది. చించేశాను.

షావుకార్లకు మాట ఇచ్చాను. మాట తప్పితే పార్టీ మాటకు విలువేముంటుంది? నిలబెట్టుకుంటే...

రేపే ఆదివారం. పొద్దుటి బండికి ఓబులేసు వస్తున్నాడట. ఒక్కడే కాదట.