ఒంటరి పసిరిక

12 ఆగస్టు 1985, ఉదయం 9

పసిరిక పాము పిల్లల్ని పెట్టింది. పదకొండు. రెండుసార్లు లెక్కపెట్టాను. మా ల్యాబ్ అటెండరు యేసుపాదం మూడోసారి లెక్కపెట్టాడు.

1983 జులైలో మిరపచేలో దొరికిన దగ్గర్నుంచి ఇది అద్దాలపెట్టెలో ఒంటరిగానే ఉంది. మగపాము మొహం చూడలేదు. అంటే దొరక్కముందు కలిసిన మగపాము స్పెర్మ్‌ని రెండేళ్ళుగా లోపల దాచుకుందన్నమాట. పేపర్ రాస్తాను. పదహారేళ్ళుగా ఈ కాలేజీలో డిమాన్‌స్ట్రేటర్‌ని. ఈ ఒక్క పేపర్ వస్తే లెక్చరర్‌ని చేస్తామన్నారు.

14 ఆగస్టు

పసిరిక కళ్ళు పొడుస్తుందని యేసుపాదం ఇప్పటికీ మొహానికి తువ్వాలు చుట్టుకునే పెట్టె తెరుస్తాడు. కోరలు దవడ వెనకెక్కడో ఉంటాయి, బల్లిని నములుతుంటే గానీ విషం దిగదు అని ఎన్నిసార్లు చెప్పినా వినడు. అయినా సెలవులకి నేను మా ఊరు పొదిలి వెళ్తే రెండు వేసవులూ బల్లులు పట్టి మేపింది అతనే. పేపర్ చివర థాంక్స్‌లో అతని పేరు పెట్టాను.

2 సెప్టెంబరు

పేపర్ జర్నల్‌కి పంపేశాను. రిజిస్టర్డ్ పోస్ట్.

5 అక్టోబరు, శనివారం

యేసుపాదం ఇంటికొచ్చాడు. రేపు మా ఇద్దరి చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారం. ఎవరికైనా అన్యాయం చేసుంటే ముందు ఒప్పుకోవాలి, లేకపోతే రొట్టె ముట్టకూడదు. అందుకొచ్చాడు.

మేలో వడగాడ్పులకి పాము చచ్చిపోయిందట. నేను బాధపడతానని అదే చేలో ఇంకోదాన్ని పట్టించి పెట్టెలో వేశాడట. పట్టేనాటికే అది కడుపుతో ఉండుంటుంది.

"అన్నీ పచ్చగానే ఉంటాయి గదా అమ్మగారూ" అన్నాడు.

పేపర్ కవరు మీద స్టాంపులు అతికించింది కూడా ఇతనే. అప్పుడైనా చెప్పలేదు. తోడబుట్టినవాళ్ళని కూడా ఇంతగా నమ్మలేదు నేను. నా కళ్ళముందు ఉండొద్దు, పొమ్మన్నాను.

సాయంత్రం 6

నోట్‌బుక్ తీశాను. జూన్ 20న పాము కొలత నాలుగంగుళాలు తక్కువొచ్చింది. టేపు తప్పనుకుని కొట్టేసి పాత అంకె వేశాను. నా చేతిరాతే. సిగ్గుగా ఉంది.

7 అక్టోబరు

పేపర్ వెనక్కి తీసుకుంటున్నానని జర్నల్‌కి ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. ఒళ్ళుమండి, అందులో ఏముందో తెలుగులో చెప్పి మరీ, పోస్ట్ చెయ్యమని యేసుపాదానికే ఇచ్చాను. తల వంచుకుని తీసుకున్నాడు.

18 ఫిబ్రవరి 1986

జర్నల్ వచ్చింది. అందులో నా పేపర్.

ఉత్తరం పోస్ట్ చెయ్యలేదట. "మీకు పేరొస్తుంది గదా అని అమ్మగారూ."

ప్రిన్సిపాల్‌గారు పిలిచి కంగ్రాచ్యులేషన్స్ అన్నారు. థాంక్యూ సార్ అన్నాను.