చిన్నీ, నీళ్లు తాగు

అక్కా,

ఈ ఉదయం మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి కంప్యూటరు తెరవగానే "చిన్నీ, నీళ్లు తాగు" అని కనిపించింది.

నేను ఉద్యోగంలో చేరిన రోజున నా కంప్యూటరును పనికి సిద్ధంచేసే సెటప్ ఫైలు చివర, తెరవగానే కనిపించేలా నువ్వు రాసిపెట్టిన వాక్యమే అది. పోయిన నెల, కొత్తవాళ్లకు పనికొస్తుందని ఆ ఫైలును నా చిట్కాలతోపాటు అందరికీ అందేచోట ఉంచాను. నా పేరు పెట్టలేదు. నీ వాక్యం తీయడం మాత్రం మరచిపోయాను. పన్నెండుమంది ఉన్నదున్నట్టు కాపీ చేసుకున్నారు.

మీటింగులో మేనేజరుగారు, "ఇంతకీ ఈ చిన్ని ఎవరు?" అన్నారు. నలుగురిలో నా నోరు పెగలదని నీకు తెలుసుగా. ఊరుకుంటే పక్కవాళ్లను అనుమానిస్తారని లేచి నిలబడ్డాను.

"నేనేనండీ. తీసేస్తాను."

వెనకనుంచి, మా ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే టెస్టరుగారు, "తీయకు తల్లీ. మా ఆవిడ మొత్తుకున్నా తాగనివాణ్ణి, ఇది చూసే తాగుతున్నా" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వాక్యం నీది. ఉంచమంటావో, తీయమంటావో రాయి.

అన్నట్టు, ఆ చిట్కాలూ నావేనని తెలిసి మేనేజరుగారు నాకో పని అప్పగించారు. సోమవారం నుంచి కొత్తవాళ్లకు పాఠం చెప్పేది నేనే.

చిన్ని