మాత్రను నాలుగు ముక్కలు చేసే పని నుండి కంసాలికి విముక్తి

జిల్లా ముఖ్య వైద్యాధికారి గారికి, మరైగూడ వాస్తవ్యుడు, కంసాలి కట్టోజు భద్రాచారి, వయస్సు 61, పెట్టుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఆస్పత్రిలో పిల్లలకు తగిన మూర్ఛ మందు లేనందున, తమ శాఖ పని నా దుకాణంలో జరుగుచుండుట గురించి.

1. మా ప్రాంత ఆస్పత్రిలో మూర్ఛకు పెద్దల మాత్ర మాత్రమే కలదు. లక్కే అను కూలిమనిషి తన మూడేళ్ల బిడ్డ నందేకు మందు అడుగగా, మందులిచ్చు ప్రవీణ్‌కుమార్ గారు "సిరప్ స్టాక్ లేదమ్మా. దీన్ని నాలుగు ముక్కలు చేసి ఒక్కటెయ్యి" అని సెలవిచ్చినారు. దేనితో చేయవలెనో సెలవియ్యలేదు.

2. ఆమె పంటితో కొరికినది. కొన్నాళ్లకు నా వద్దకు వచ్చి, "ముక్క పెద్దగైతే పిల్ల లేవనే లేవదు. చిన్నగైతే ఫిట్స్ వస్తయి. నీ తరాజు మీద సరిగ్గ తూచియ్యవా, తాతా?" అన్నది. తూచి ఇచ్చితిని. తప్పు ఒప్పుకొనుచున్నాను.

3. ఇప్పుడు అంగడి రోజున పదకొండుమంది తల్లులు వరుస కట్టుచున్నారు. పుస్తెలు చేయించుకొనువారు వారి వెనుక నిలబడవలసి వచ్చుచున్నది. ప్రవీణ్‌కుమార్ గారైతే చీటీ వెనుక నా దుకాణం గుర్తులు కూడా వ్రాసి పంపుచున్నారు. బంగారం విషయంలో ముప్పై ఏళ్లుగా నన్ను నమ్మనివారు మందు విషయంలో నమ్ముచున్నారు.

4. పోయిన మంగళవారం నా కంటికి పొర కమ్మి, తరాజు ముల్లు సరిగా కానరాక ముక్క పెద్దదైనది. నందే పొద్దున మింగి, సాయంత్రం దాకా లేవలేదు. ఆస్పత్రి మంచం పక్కన డాక్టరు గారు కూర్చున్నారు. నేను గుమ్మంలో నిలబడితిని. లక్కే బిడ్డ అరికాళ్లు రుద్దుచున్నది. దీపాలు పెట్టే వేళకు పిల్ల కళ్లు తెరిచి "అమ్మా, బువ్వ" అన్నది. అయ్యా, బంగారం పని చెడితే కరిగించి మళ్లీ చేయగలను.

కావున పిల్లల సిరప్‌ను, కొలత గొట్టంతో సహా, వెంటనే తెప్పించి, నేను ఎన్నడూ దరఖాస్తు చేయని ఈ ఉద్యోగం నుండి నన్ను తొలగించవలెనని కోరుచున్నాను. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
నియామకపత్రం లేని మందుల కంసాలి,
కట్టోజు భద్రాచారి

తా.క.: "ఇచ్చట మాత్రలు కోయబడవు" అని నిన్న బోర్డు పెట్టాను. ఏం రాశావని లక్కే అడిగింది. చదివి వినిపించాను. "సరే తాతా" అని, పిల్లను ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుంది. ఈసారి మూడుసార్లు తూచాను సార్. తొందరగా పంపండి, నా కంటి పొర ఇంకా పోలేదు.