బోర్లించిన లోగోలు

మార్చి 3

బావ ఫోన్. బేకరీ మళ్ళీ తెరుస్తాడట, కొత్త బోర్డు పెడతాడట, లోగో కావాలట. ఇంట్లో డిజైనర్ ఉండగా బయటికెందుకు అన్నాడు.

అక్కకి పక్షవాతం వచ్చినప్పటి నుంచి షాపు మూసే ఉంది. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. నడక మాత్రం కొంత వచ్చింది. నెలాఖరులోపు బోర్డెక్కి షాపు తెరుచుకోకపోతే వేరేవాళ్ళకి అప్పజెప్పేస్తానన్నాడు బావ. మూసిన షాపుని ఒక్కణ్ణే ఎన్నాళ్ళు లాగను అని అడిగాడు. తప్పు పట్టలేను. కానీ షాపు పోతే అక్క ఇక మంచం దిగదు. అది నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. నచ్చిన బొమ్మ బోర్డు మీద చూస్తే లేస్తుందేమోనని ఇద్దరికీ ఆశ.

మార్చి 6

గోధుమ వెన్ను, టోపీ పెట్టుకున్న వంటవాడు, నవ్వే బ్రెడ్. ప్రింట్లు ముందు పెట్టాను. అక్క ఎడమచేత్తో ఒక్కొక్కటే బోర్లించింది. బావకి నవ్వే బ్రెడ్ తెగ నచ్చేసింది. ఆయన టేస్ట్ గురించి ఏమీ అనను, అక్కని చేసుకున్నాడు కదా.

మార్చి 9

మళ్ళీ బోర్లించింది. అన్నీ.

మార్చి 12

క్లయింట్లకి ఎన్నిసార్లు లెక్చర్ దంచానో. లోగో గోరంత చేసినా గుర్తుపట్టాలి, ఒట్టి నలుపులోనూ నిలబడాలి, ఒకసారి చూసినవాడు మళ్ళీ గీయగలగాలి. సొంత అక్క దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేశాను. పొద్దున స్క్రీన్ ముందే ఏడ్చాను.

తర్వాత అక్క వాళ్ళింటికి వెళ్తే, వంటింట్లో కూర్చుని ఉంది. ఎడమచేతిలో బ్లేడు. లాక్కోబోయాను. చూస్తే, పిండిముద్ద మీద గాట్లు పెడుతోంది.

పెళ్ళికి ముందు అక్క పనిచేసిన చోట అందరికీ ఒకటే ఓవెన్. ఎవరి బ్రెడ్ ఎవరిదో తెలియడానికి, కాల్చేముందు ఎవరి గాటు వాళ్ళు పెట్టుకునేవాళ్ళు. అక్కది మూడు గాట్లు, మధ్యది పొడుగు. సొంత షాపు పెట్టుకున్నాక అవసరం లేకపోయినా ఆ అలవాటు మానలేదు. ఇన్నేళ్ళు ఆ బ్రెడ్ తిన్నాను, ఒక్కసారైనా పరీక్షగా చూడలేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాను.

ఎడమచేతి గాట్లు వణికి, వంకరపోయి, ఒకదాని మీదికొకటి ఎక్కాయి. ఎంత బాగున్నాయో! ఒరిజినల్! ఫోటో తీసుకుని పరుగెత్తాను.

మార్చి 13

బోర్డంత సైజులో ప్రింట్ తీయించి గోడకి అంటించాను. బావ కళ్ళు తుడుచుకున్నాడు. అక్క చాలాసేపు చూసింది. బోర్లిద్దామంటే అది గోడ మీద ఉంది. మొహం తిప్పుకుని, బలమంతా కూడదీసుకుని ఒక్క మాట అంది. రోగం.

ఇన్ని నెలల్లో మాకు స్పష్టంగా వినపడిన మొదటి మాట అది.

తన రోగాన్ని తీసుకెళ్ళి షాపు గుమ్మానికి వేలాడదీయబోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. సిగ్గేసింది. ప్రింట్ చింపేశాను.

మార్చి 15, మధ్యాహ్నం

కంప్యూటర్‌లో గాట్లు సరిచేశాను. వంకర తీసేశాను, స్మూత్ చేశాను. అచ్చం పాత అక్క చెయ్యే.

బోర్లించింది. నేను వచ్చేశాక, నాది కాదు అందట బావతో.

మార్చి 20

షాపు తీసుకునే పార్టీ వచ్చి టేపుతో గోడలు కొలుచుకున్నాడు. అక్క వాళ్ళ ఇల్లు షాపు వెనకే. ప్రతి కొలతా అక్క చెవిన పడింది. పళ్ళు బిగబట్టి పైకప్పు చూస్తూ పడుకుంది. నా బుర్రలో ఒక్క గీత కూడా మిగల్లేదు. భయమేస్తోంది.

మార్చి 21

పొద్దున అక్క మంచం మీద లేదట. బావ గాభరాపడి వెతికితే, ఓవెన్ దగ్గర గోడ పట్టుకుని నిలబడి ఉందట. వెలిగించమని సైగ చేసిందట. ఒక్క బ్రెడ్ కాల్చారు. బయటికి తీశాక గాట్లు చూసుకుని, దాన్నీ బోర్లించింది.

మార్చి 26

రోజూ ఇదే. గాట్లు పెట్టడం, కాల్చడం, బోర్లించడం. బోర్డు తర్వాత చూసుకుందాం, ముందు తెరుద్దాం అని బావ బతిమాలాడు. గాటు కుదరని బ్రెడ్ అక్క అమ్మనివ్వదు. ఇంటిల్లిపాదీ ఫెయిలైన లోగోలు తింటున్నాం. రుచికేం లోటు లేదు అంటే నాకు బ్లేడు చూపించింది. నవ్వాను.

మార్చి 29

బోర్లించింది. ఎల్లుండి తాళాలిస్తానని బావ పార్టీకి మాటిచ్చేశాడు.

మార్చి 31, ఉదయం

ఈరోజు బోర్లించలేదు. బ్రెడ్ నా ముందుకు తోసింది. గాట్లలో వణుకు లేదు. మధ్య గాటు కొంచెం వంకర. దాని మీద వేలు పెట్టి, నాది అంది.

బావ బయట పార్టీని బతిమాలుకుంటున్నాడు, తాళాలు ఇవ్వలేనని.

స్కాన్ చేయాలి కదా. స్కానర్ అద్దం మీద ఈసారి నేనే బోర్లించాను.