ఆకుపచ్చ పొట్టి సంతకం

ప్రియమైన సరంగుగారికి,

క్షేమంగా చేరాను. నీ లాంచీ కూత లేకుండా తెల్లవారడం కొత్తగా ఉంది.

పని సంగతి నీకు సరిగ్గా చెప్పనేలేదు. దిగువ సభ మా వాళ్ళది, ఎగువ సభ అవతలి పార్టీది. మా వాళ్ళు వంతెనలూ ఆసుపత్రులూ అంటారు, వాళ్ళు తీరానికి మూడు కాపలా నౌకలు కావాల్సిందేనంటారు. ఒకరు పంపిన బడ్జెట్‌ను ఇంకొకరు తిప్పికొట్టడం ఇది నాలుగోసారి. నెలాఖరులోగా తేలకపోతే నీ జీతంతో సహా అందరి జీతాలూ ఆగిపోతాయి. అందుకని ముసాయిదా రాసేవాళ్ళను ఇటునుంచి ఒకరినీ అటునుంచి ఒకరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఇద్దరూ ఒప్పుకున్న కాగితం ఒక్కటి తెమ్మన్నారు. ఇటునుంచి నేను. మన రేవు వంతెన కూడా జాబితాలో ఉంది. అది వస్తే లాంచీ ఏమవుతుందని ఇప్పుడే అలగకు.

నాకు ఎర్ర సిరా ఇచ్చారు. అటునుంచి వచ్చినాయనది ఆకుపచ్చ. అందరూ ఆయన్ని పచ్చసిరా అనే పిలుస్తున్నారు. మొండిఘటం. రాత మాత్రం అద్భుతం. నేను మూడు వాక్యాల్లో చెప్పేది ఒక్క వాక్యంలో తేల్చేస్తాడు. చూస్తే ముచ్చటేసింది.

రేపటి నుంచి గదికి తాళం. తిండీ పనీ అక్కడే, పడకకు మాత్రం చెరో అంతస్తు. కింది చిరునామాకి రాయి.

నీ
రాతకోతల మనిషి

*

ప్రియమైన రాతకోతల మనిషికి,

ముచ్చటేసిందా! పెళ్ళై పదకొండేళ్ళు. నా రాత చూసి ఎప్పుడైనా ముచ్చటేసిందా నీకు? నా మొదటి ఉత్తరం చూసి కోడి కెలికినట్టుందన్నావు. నేనేం మర్చిపోలేదు.

నాకేం కుళ్ళు లేదు, ఊరికే అడుగుతున్నా. ఆయన ఎత్తా, పొట్టా? పెళ్ళైందా? ఒక్క వాక్యంలో తేల్చేసే ఆ పెద్దమనిషికి లాంచీ ఇంజను విప్పి మళ్ళీ బిగించడం వచ్చేమో కనుక్కో.

మా అక్క వచ్చి వెళ్ళింది. "మీ ఆవిడ ఎవరితో కూర్చుని రాస్తోందిరా?" అంది. "ప్రభుత్వంతో" అన్నాను. "ప్రభుత్వానికి మీసాలున్నాయా?" అంది. నాకు నవ్వు రాలేదు.

త్వరగా రాయి. పొడుగ్గా రాయి.

నీ
సరంగు

*

ప్రియమైన శ్రీవారికి,

మీ ఉత్తరం అందింది. నేను క్షేమం. మీరు ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి. మీరు అడిగినవాటికి ఇప్పుడు జవాబు రాయలేను. మరోలా అనుకోకండి.

ఇట్లు,
మీ భార్య

*

ప్రియమైన శ్రీమతిగారికి,

"మీరు" అట! నువ్వు నన్ను మీరు అన్నది జన్మలో ఒక్కసారే, మీ పెద్దమ్మ ముందు, అదీ నవ్వాపుకుంటూ.

నాలుగు ముక్కలు రాసి పడేశావు. సరే. అడుగున ఏంటది? ఎర్రగా నీ పొట్టి సంతకం, దాని పక్కనే ఆకుపచ్చగా ఇంకోటి, భుజాలు రాసుకుంటూ. మొగుడికి రాసే ఉత్తరం వాడికెందుకు చూపించావు? నా ఉత్తరం కూడా కలిసి చదువుకుని నవ్వుకున్నారా? నాకు ఒళ్ళు మండిపోతోంది. అవును, కుళ్ళే. ఏం చేస్తావు?

మంగళవారం పొద్దున దట్టంగా మంచు. అవతలి ఒడ్డు కనబడలేదు. తోటమాలి కూతురికి నొప్పులు మొదలయ్యాయి, ఆసుపత్రేమో అవతల. అలాంటప్పుడు లాంచీ తీయకూడదు. తీశాను. కూత వేసుకుంటూ, గజం గజం. ఏటి నడుమ బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. పుట్టిందిగానీ ఏడవలేదు. తోడొచ్చిన ముసలావిడ వీపు తడుతూనే ఉంది. నాకు చక్రం వదలడానికి లేదు. ఎంతసేపో తెలీదు. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఇది ముందు నీకే చెప్పాలనుకున్నాను. ఇప్పుడు ఎవరికి చెబుతున్నట్టు, నీకా, వాడికా? చదవనీ. ఏమయ్యా పచ్చసిరా, దీన్నీ ఒక్క వాక్యంలో తేల్చు చూద్దాం!

సరంగు

*

ప్రియమైన శ్రీవారికి,

మీ ఉత్తరం చదవడమైనది. పని ముగిశాక వివరంగా రాస్తాను.

ఇట్లు,
మీ భార్య

*

ప్రియమైన నీకు,

చదవడమైనదా! నేనేమైనా అర్జీ పెట్టుకున్నానా? కింద మళ్ళీ వాడి సంతకం. ఈసారి వంకర్లు పోయింది. సంతోషం పట్టలేకపోయాడేమో.

ఇంటికొస్తావా, రావా? ఆ ఒక్క మాట రాయి. రెండో సంతకం లేకుండా రాయి. మీ వంతెన వచ్చినా రాకపోయినా నాకు ఒకటే.

సరంగు

*

ప్రియమైన నా కుళ్ళుమోతు సరంగుకి,

వస్తున్నాను. ముందు అడుగున పచ్చగా ఏమైనా ఉందేమో చూసుకుని, తర్వాత చదువు.

నిన్న రెండు సభలూ ఒప్పుకున్నాయి. తాళం తీశారు. ఇక చెప్పొచ్చు. లోపలి సంగతి ఏ పార్టీకీ చేరకూడదని ఆ గదికో పద్ధతి. లోపలికొచ్చే ప్రతి కాగితాన్నీ అవతలి మనిషి పైకి చదవాలి, బయటికెళ్ళేదాన్నీ చూడాలి, ఇద్దరూ పొట్టి సంతకం పెట్టాలి. ఈ పద్ధతి ఉందని బయట చెప్పడమూ తప్పే. అది ఆఫీసు కాగితాలకే అనుకుని నీకు ఆ చిరునామా ఇచ్చాను. సొంత ఉత్తరాలకూ అంతేనని తాళం పడ్డాక తెలిసింది. పరాయి మనిషి చదివే కాగితం మీద నిన్ను నోరారా నువ్వు అని ఎలా పిలవను?

ఎత్తా పొట్టా అన్న నీ ప్రశ్నను ఆయనే పైకి చదివి, "పొట్టే అని రాయమంటారా?" అన్నాడు. నీ నిందలన్నిటి కిందా ఆయన ఎదురుగా నేనూ సంతకాలు పెట్టాను. సిగ్గుతో చచ్చిపోయాననుకో. ఆ కోపం ఇంకా ఉంది. వచ్చి తీర్చుకుంటాను.

నీ మంగళవారం ఉత్తరం మాత్రం "ఏమయ్యా పచ్చసిరా" దాకా చదివి ఆగిపోయాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నా జవాబు మీద పెట్టిన సంతకం అందుకే వంకరపోయింది. మూడు నౌకల్లో ఒక్కటీ తగ్గదని ఇరవై రోజులు భీష్మించుకున్న మనిషి, మర్నాడు "రెండు చాలు. ఆ వంతెన రాసుకోండి" అన్నాడు. బదులుగా నేను మూడు ఆసుపత్రులను వచ్చే ఏడాదికి వదులుకున్నాను. ఆ మూడు ఊళ్ళలో ఎవరికి నొప్పులొస్తాయోనని నాకు దిగులుగానే ఉంది.

నువ్వు సవాలు చేశావుగా, తేల్చాడు: "వంతెన తెరిచే రోజు వరకు లాంచీని, తెరిచిన తరువాత లాంచీ సిబ్బందిని ప్రభుత్వం వదలరాదు." చట్టంలో ఆ వాక్యం ఆయనది. నేను ఒక్క అక్షరం మార్చలేదు.

ఆయనకు అరవై రెండేళ్ళు. పెట్టె సర్దుకుంటూ అన్నాడు: "మా ఆవిడ పోయి ఆరేళ్ళమ్మా. ఈ నెలంతా నాకు ఒక్క ఉత్తరం రాలేదు. మీకొచ్చిన తిట్లు చదివి సంతకం పెట్టిన ప్రతిసారీ మీ ఆయన్ని చూసి కుళ్ళుకున్నాను. అలా తిట్టడానికి నాకెవరున్నారు?"

శుక్రవారం మొదటి లాంచీకి వస్తాను. నీ లాంచీలో పుట్టిన ఆ పిల్లను చూస్తానంటే ఆయన్నీ తీసుకొస్తున్నాను. మొహం మాడ్చకు.

నీ
రాతకోతల మనిషి

(సంతకం ఒక్కటే. ఎర్రది.)