పలకల మీద బరువు

అక్కయ్యకు తమ్ముడు నమస్కరించి రాసేది.

దుంగ కోయించిన పలకలు నీ వరండాలో పేర్పించి వచ్చాను. నా కొట్టు పక్కనే లాండ్రీ. ఆ ఆవిరికి ఇక్కడ మేకులకే చెమటలు పడుతున్నాయి, ఇక చెక్క ఎక్కడ ఆరుతుంది? అది గట్టి చేవ కర్ర. ఎండ తగిలితే పగులుతుంది, నీడలోనే ఉంచు. కొసలకు పూసిన మైనం గీకకు, బీటలు అక్కణ్ణుంచే మొదలవుతాయి. పలకకూ పలకకూ మధ్య పెట్టిన బద్దలు పొయ్యిలోకి బాగున్నాయని లాగెయ్యకు, ఆ సందుల్లోంచే గాలి ఆడాలి. పైన మంచి బరువు పెట్టు, లేకపోతే పలకలు వంకర తిరుగుతాయి.

తల్లి లేని పిల్ల, నీ మేనకోడలికి కాన్పయ్యేలోగా నా చేత్తో ఉయ్యాల చేసివ్వాలి. పోయినసారి వాళ్ళకు పచ్చి కర్రతో తొందరపడి చేసిన భోజనాల బల్ల నడిమికి చీలింది కదా, అల్లుడు ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆ మౌనమే నన్ను తినేస్తోంది. ఉయ్యాల కూడా చీలితే ఆయన మొహం ఎలా చూడను?

ఇట్లు, నీ తమ్ముడు.

తా.క.: వాళ్ళిల్లు మీ వీధి చివరే. పలకల సంగతి అల్లుడి చెవిన పడనివ్వకు.

* * *

చిరంజీవి తమ్ముడిని అక్క దీవించి రాసేది.

దేవుడి దయవల్ల అన్నీ నువ్వు చెప్పినట్టే ఉన్నాయి. బరువు దగ్గరే చిక్కొచ్చింది. ఒంటిదాన్ని, నా ఇంట్లో బరువైన వస్తువేముంది? రోజూ సాయంత్రం ప్రార్థనకు వచ్చే ఆడవాళ్ళు చాప మీద కూర్చోలేక మోకాళ్ళు పట్టుకుంటారు. వాళ్ళను పలకల మీద కూర్చోబెట్టాను. పుణ్యమూ పురుషార్థమూ రెండూ కలిసొచ్చాయి. ఆ కొసన దర్జీ వాళ్ళమ్మ, ఈ కొసన పంతులమ్మ, నడుమ మేడమీదావిడ. ఆవిడ నడిస్తే కింద మా గిన్నెలు మోగుతాయని నీకు తెలుసుగా.

ఇట్లు, అక్క.

తా.క.: నన్నే నడుమ ఎందుకు కూర్చోబెట్టారని ఆవిడ అడిగింది. అబద్ధం ఆడలేను, నిజం చెప్పలేను. "మీరుంటేనే నిండుగా ఉంటుందమ్మా" అన్నాను. మురిసిపోయింది.

* * *

అక్కయ్యకు తమ్ముడు తల పట్టుకుని రాసేది.

బరువంటే బండరాళ్ళు అక్కయ్యా, మనుషులు కాదు! మనుషులు కూర్చుంటారు, లేస్తారు. వాళ్ళతోపాటు పలకా లేస్తుంది. కదలని బరువు కావాలి. లేచేవాళ్ళయితే అసలు కూర్చోవద్దని చెప్పు!

తమ్ముడు.

తా.క.: రాళ్ళు వచ్చేదాకా ఆ నడుమ కూర్చున్నావిణ్ణి మాత్రం లేవనివ్వకు.

* * *

చిరంజీవి తమ్ముడిని అక్క దీవించి, కాస్త భయపడి రాసేది.

నీ మాట పొల్లు పోకుండా చెప్పాను. లేవకూడదనేసరికి ప్రార్థన అయిపోయినా ఒక్కరూ లేవలేదు. ఇప్పుడు ఒకరు లేస్తే ఆ చోట ఇంకొకరు. భార్యలను వెతుక్కుంటూ వచ్చిన మగవాళ్ళూ కూలబడ్డారు. పంతులమ్మ ట్యూషన్ ఇక్కడే. రాళ్ళు తెప్పించాను గానీ పెట్టడానికి ఎవరూ చోటివ్వలేదు.

అసలు సంగతి వేరే ఉంది. ఆమధ్య అందరం కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే నడుమ పలక టప్పుమంది. అందరూ కళ్ళు తెరిచి మేడమీదావిడనే చూశారు. పాపం, మేడెక్కి తలుపేసుకుంది. కిందికి దిగడం లేదు. అప్పట్నుంచి ఒంటిపూట తిండే.

అక్క.

తా.క.: మేడమీదావిడ రవికలు దర్జీ రెండుసార్లు బిగించాడు. ఇక్కడ నడుమ పలక పైకి లేస్తోంది.

* * *

అక్కయ్యకు తమ్ముడు చేతులు జోడించి రాసేది.

ఆరే కర్ర ఒక్కోసారి టప్పుమంటుంది. అది కర్ర నైజం, ఆవిడ దోషం కాదు. నా మాటగా చెప్పి రెండు పూటలా తినమని బతిమాలు. మిఠాయి పంపుతున్నాను. ఆవిడ ఒళ్ళు తగ్గితే ఇక్కడ నా పరువు తగ్గుతుంది.

తమ్ముడు.

తా.క.: అల్లుడు ఉత్తరం రాశాడు. "ఉయ్యాలకు తొందరేం లేదు మామయ్యా" అని ఒకటే ముక్క. చూశావా వెటకారం! అసలు ఆయనకు చెప్పిందెవరు?

* * *

తాతవైన తమ్ముడిని అక్క దీవించి రాసేది.

అవునురా, మనవడే! తల్లీ బిడ్డా క్షేమం. టెలిగ్రాం ఇస్తానని అల్లుడు అన్నాడు గానీ, ఇంకా చాలా సంగతులున్నాయి, నేనే రాస్తానన్నాను.

మిఠాయి మేడమీదావిడ ముట్టలేదు. మిగతావాళ్ళు తిన్నారు కనుక కొసల బరువుకు ఢోకా లేదు. నడుమ చోటూ ఖాళీగా లేదు. ఆవిడ మానేసిన మర్నాటినుంచి అక్కడ కూర్చుంటున్నది నీ అల్లుడు. నేను చెప్పలేదు, దర్జీ వాళ్ళమ్మ చెప్పింది. నువ్వు కంగారుపడతావని ఇన్నాళ్ళూ నీకు రాయలేదు. ఆఫీసు నుంచి నేరుగా వస్తాడు. మనిషి పీలగా ఉంటాడు కదా, నువ్వు తెప్పించమన్న బండరాయి ఒకటి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని మాతోపాటు ప్రార్థన చేస్తాడు.

ఉండబట్టలేక బల్ల సంగతి అడిగేశాను. ఏమన్నాడో తెలుసా?

"ఆ చీలిక మా ఇద్దరికీ హద్దు పెద్దమ్మా. అవతల మా ఆవిడ కుట్టు సామాను, ఇవతల నా కంచం. మా ఇంట్లో పోట్లాట రానిది ఆ ఒక్క బల్ల దగ్గరే. నోరు జారి ఏమన్నా అంటే మామయ్య వచ్చి అతికించేస్తారని భయం!"

ఇందుకా నువ్వు ఇన్నాళ్ళూ కుమిలిపోయింది!

పలక ఇంకా పచ్చిగానే ఉంది, తడితే మొద్దుగా పలుకుతోంది. ఉయ్యాలకు అందదు. దాని మానాన దాన్ని ఆరనీ. వాడు నడక నేర్చే నాటికి కుర్చీ చేద్దువుగాని. నువ్వు మాత్రం వెంటనే బయల్దేరి రా.

ఇట్లు, అక్క.

తా.క.: మనవణ్ణి తెచ్చి పలకల మీద వాళ్ళ నాన్న పక్కన పడుకోబెట్టాం. వాణ్ణి చూడ్డానికి మేడమీదావిడ దిగొచ్చింది. అల్లుణ్ణి జరగమని, వాణ్ణి ఒళ్ళో వేసుకుని నడుమ కూర్చుంది. పలక బుద్ధిగా కిందికి దిగింది. వాడు నిద్రపోయాడు. ఇప్పుడు ఆవిడే ఎవర్నీ లేవనివ్వడం లేదు. ఈ ఉత్తరం కూడా పలకల మీద కూర్చునే రాస్తున్నాను.