తల్లి మామిళ్లకి సున్నా

కడియం, సోమవారం

దేవిశ్రీకి,
దీవెనలు ప్రస్తుతానికి నా దగ్గరే ఉంచుకున్నాను.

ఫోన్లో తిడితే "సిగ్నల్ లేదు మామ్మా" అంటావని కాగితం మీద తిడుతున్నాను. గంగరాజు మేస్త్రి ఫొటో తీసి పంపుతాడు. మన నర్సరీకి నువ్వు రాసిన ప్రోగ్రాం గట్టు పక్క వరుసకి సున్నా అని నంబరు వేసింది! అవి మీ తాతగారు కుండీల్లో పెంచిన తల్లి మామిళ్లు. మనం కట్టే మామిడి అంట్లన్నీ వాటి కొమ్మలతోనే. వాటికి సున్నానా? హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను; వేలు మడిచి "సున్నా" అని మొదలుపెట్టిన పిల్లాణ్ణి చూడలేదు. పైగా ప్రతి వరుసలోనూ సున్నా మొక్కలట. బెంగళూరు బేరగాడు అది చూసి "తోట ఎత్తేశారాండీ?" అని పరామర్శించాడు. ఒకటి నుంచి లెక్కపెట్టేలా మార్చు.

ఇట్లు, ఇంకా తోట ఎత్తేయని
సత్యకుమారి మామ్మ

తా.క.: నాసిక్ వాళ్లు ఒకటో వరుస జామలు బుక్ చేశారు. గురువారం లారీ వస్తుంది.

హైదరాబాద్, మంగళవారం

మామ్మకి దూరం నుంచే దణ్ణం.

కంప్యూటర్లో అర్రే అంటే కుండీల వరుసే మామ్మా. మన ప్రోగ్రాం రాసింది జావా అనే భాషలో; అందులో వరుస పెట్టగానే ప్రతి కుండీలోనూ దానంతట అదే సున్నా వేసేస్తుంది. అసలు లెక్క మనం నింపాలి. నేను మర్చిపోయాను. సీ అనే ఇంకో భాషలో నింపకపోతే పాత మట్టే ఉండిపోతుంది, ఏ చెత్త అంకె వస్తుందో తెలీదు. పైతాన్‌లో మొక్కలతో సహా వరుస దించి, తర్వాత పొడిగించుకోవచ్చు. గట్టు నుంచి ఎన్ని దాటాలి అని లెక్క గనక మూడూ సున్నాతోనే మొదలు. నీ కోసం జూలియా అనే భాషలో తిరగరాశాను. అది ఒకటితో మొదలెడుతుంది. లెక్కలూ నింపేశాను.

నీ మాట జవదాటని
దేవిశ్రీ

తా.క.: జూలియా ఎవరమ్మాయి అని అడక్కు.

కడియం, గురువారం

దేవిశ్రీకి,

కొంప ముంచావు! నేనూ గంగరాజూ ద్వారపూడి పెళ్లికెళ్లాం. లారీతో వచ్చిన హమాలీలు నీ ప్రోగ్రాం చూసి, గట్టు నుంచి ఒకటో వరుస ఎత్తుకుపోయారు. బుక్ చేసిననాడు ఒకటంటే జామలు. నువ్వు మార్చాక ఒకటంటే తల్లి మామిళ్లు. ఆర్డరులో మొక్క పేరు లేదు, పాత వరుస నంబరే ఉంది. డ్రైవరు ఫోనెత్తడు. అవి పోతే అంటు కట్టడానికి కొమ్మ లేదు, నర్సరీ బోర్డు దింపుకోవడమే. అసలు నిన్నెవరు మార్చమన్నారు?

మామ్మ

తా.క.: "నువ్వే" అని జవాబు రాయకు.

హైదరాబాద్, శుక్రవారం

మామ్మకి,

రాయొద్దన్నావు గనక రాయట్లేదు.

నాసిక్ లారీ మా ఊరి మీదుగానే పోవాలి కదా! గంగరాజు పంపిన లారీ నంబరు పట్టుకుని టోల్‌గేటు దగ్గర కాపు కాశాను. డ్రైవరు సామ్యేలు గారికి బిర్యానీ పెట్టించి, మామిళ్లన్నీ మా అపార్ట్‌మెంటు పార్కింగ్‌లో దింపించాను. ఒక్క కొమ్మ విరగలేదు. అసోసియేషన్ ప్రెసిడెంటు మాత్రం తన కారు ఎక్కడ పెట్టుకోవాలని విరుచుకుపడుతున్నాడు.

ఒక్క సంగతి చెప్పు. ప్రోగ్రాం రాకముందు ఆ గట్టు వరుసని ఎన్నో వరుస అనేవాళ్లు?

దేవిశ్రీ

కడియం, శనివారం

చిరంజీవి దేవిశ్రీకి, ఆపి ఉంచిన దీవెనలన్నీ ఒక్కసారే.

ఎన్నో వరుసేంటి? అది అమ్మేది కాదు, దానికి నంబరెందుకు? మీ తాతగారి రోజుల నుంచీ పక్కనున్న జామలే ఒకటో వరుస. ఇది విని గంగరాజు "అంటే అది సున్నాయేనాండీ?" అన్నాడు. నోరు మూసుకోమన్నాను.

అంటే మీ తాతగారు కంప్యూటరు మొహం చూడకుండానే సున్నా నుంచి లెక్కపెట్టారన్నమాట! ఆ జావావాళ్లు కడియం పేరు ఎక్కడా వెయ్యకపోవడం ఏం మర్యాద? జూలియాని పంపేసి, సున్నా మళ్లీ పెట్టు. మొక్కలకి నీళ్లు పొయ్యి. రేపు లారీ వేసుకుని నేనే వస్తున్నాను. ఆ ప్రెసిడెంటుతో నేను మాట్లాడతాను.

మామ్మ

తా.క.: నీ ఫ్లాటు రెండో అంతస్తన్నావు. మీ బిల్డింగువాళ్లు అన్నిటికన్నా కిందిదాన్ని సున్నా అంటారా, ఒకటంటారా? నా మోకాళ్లు బయల్దేరకముందే తెలియజెయ్యి.